కొండ నీళ్లు... అమ్మ మోసిన నింద

మా చిన్నప్పుడు వానలు మొహం చాటేస్తే, ఊరి ఆడవాళ్లంతా తెల్లారే తలస్నానం చేసి, తడిబట్టలతో ఖాళీ బిందెలు పట్టుకుని కొండెక్కేవాళ్లు... మైసూరు మహారాజుల కాలం నాటి మాట. మాది ఆ రాజ్యంలోనే, తెలుగు మాట్లాడే మిట్టేమరి దగ్గర పల్లె. నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది.

ఆ కొండల్లో, సరైన దారి కూడా లేని చోట, ఎండాకాలంలోనూ ఒక బండ మీంచి నీళ్లు దూకేవి. అవి తెచ్చి గుళ్లో ఈశ్వరుడికి పోస్తే వాన వస్తుందని నమ్మకం. దారిలో బిందె నేల మీద పెట్టకూడదు... ఎంగిలి చేయకూడదు.

ఆ ఏడు నేనూ చెల్లీ అమ్మ వెంట వెళ్లాం. చల్లటి తుంపర మొహాన పడుతుంటే మాకు అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు...

తిరిగొచ్చేటప్పుడు ఎండ నిప్పులు చెరిగింది. కొండ దిగాక చెల్లి కూలబడిపోయింది. పిలిస్తే పలకదు. దారిలో ఉన్న ఒక్క బావీ ఎండిపోయింది. అమ్మ నెత్తిన మాత్రం నిండు బిందె!

ఆడవాళ్లకు దారి చూపడానికి వచ్చి ముందు నడుస్తున్న మా పెదనాన్న వెనక్కొచ్చి అరిచాడు. "దించొద్దమ్మా! అవి దేవుని నీళ్లు. ఎంగిలైతే వాన యాడ నుంచి వస్తాది?"

"బిడ్డ కండ్లు తేలేస్తాండాది బావా... దేవునికి నేను మళ్లీ ఎక్కి తెస్తాను" అంటూనే అమ్మ బిందె దించి చెల్లి నోట్లో నీళ్లు పోసింది.

చెల్లి కళ్లు తెరిచింది. అమ్మ నిజంగానే మళ్లీ కొండవైపు తిరిగింది. "నువ్వు తెచ్చే నీళ్లు మాకొద్దు" అన్నారు తక్కిన ఆడవాళ్లు. వాళ్లూ పిల్లల్ని కన్న తల్లులే! ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు వాన రాలేదు. చేను ఎండితే అమ్మ వల్లే... ఎద్దు చచ్చినా అమ్మ వల్లే. పేరంటాలకు పిలవడం మానేశారు. మరుసటి ఏడు వాన దంచికొట్టింది. అప్పుడైనా ఒక్కరూ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ నీళ్ల కింద పిల్లలు గంతులేస్తున్న ఫొటోలు మనవరాలు ఫోనులో చూపిస్తుంది. ఎంగిలీ లేదు, మైలా లేదు... సంతోషమే. కానీ మా అమ్మను అన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదే, నిలదీసి అడగడానికి!

అంతకన్నా కడుపుమంట ఏంటంటే... అమ్మ కూడా పోయేదాకా తప్పు తనదే అనుకుంది. మీ ఇంట్లోనూ అలా నింద మోసిన తల్లి ఉంటే ఇక్కడ రాయండి. ఆమె ఇంకా బతికుంటే మాత్రం... ముందు లేచి వెళ్లి, తప్పు నీది కాదమ్మా అని చెప్పి రండి.