విదేశీ హాస్టల్లో సువార్తమ్మ

గల్ఫ్ యుద్ధం ముగిశాక ఇంటిపనికి కువైట్ వెళ్లిన సువార్తమ్మ, తిరిగొచ్చాక తార్నాకలో చెల్లెలింట్లో ఉంటూ, దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో విదేశీ విద్యార్థుల హాస్టల్లో ఊడ్చే పనికి కుదిరింది. కువైట్‌లో ఎలా ఉండేదని ఎవరడిగినా "బాగానే చూశారు" అని మాట దాటేసేది.

ఒకరోజు ఆమె మేడమీద వరండా తుడుస్తుండగా, సూడాన్ కుర్రాడు ఇద్రీస్ కింద ఉన్న స్నేహితుణ్ణి రమ్మని అరబ్బీలో గట్టిగా కేకేశాడు. సువార్తమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. పరుగున వెళ్లి అతని ముందు తల వంచుకుని నిలబడింది. దెబ్బ కాచుకోవడానికన్నట్టు మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అతను బిత్తరపోయాడు. "మిమ్మల్ని కాదమ్మా" అని వచ్చీరాని హిందీలో బతిమాలాడు. ఆమె మోచెయ్యి దించలేదు. వాచ్‌మన్ నరహరి వచ్చి మెట్లమీద కూర్చోబెట్టాడు.

"ఏమైందమ్మా? గా పోరడేమన్న అన్నడా?"

"పాపం, ఆ బాబేమీ అనలేదు. అక్కడ ఒక్క కేకకి రాకపోతే మా మేడమ్ ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చేది."

"మరి అప్పుడే ఎందుకు వచ్చెయ్యలే?"

"పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండేది, తమ్ముడూ."

మర్నాటి నుంచి ఇద్రీస్ వరండాలో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. సువార్తమ్మ అది గమనిస్తూనే ఉంది. అయినా అరబ్బీ చెవినబడితే చాలు, ఆమెకు చేతులు ఆడేవి కావు. చివరికి ఆ పని మానేసి, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో అంట్లు తోమే పని చూసుకుంది.

మానేసిన రోజున ఇద్రీస్‌కు ఒక మాట చెప్పి వెళ్దామని అతని గది దాకా వెళ్లింది. లోపల నలుగురు అరబ్బీలో మాట్లాడుకుంటున్నారు. తలుపు తట్టకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది.