సంచి మీద పేరు

చింతపల్లి దాటాక ఘాట్‌లో జీపు గంటన్నర ఎక్కింది. జనవరి, మధ్యాహ్నం రెండున్నర. అయినా మంచు విడలేదు. కొండ కొసన రెండు కంటైనర్లు, ఒక యాంటెన్నా, జనరేటర్. ఐదుగురం. నేను సిగ్నల్స్ హవల్దారుని. ఇక్కడ సరిహద్దెక్కడుందయ్యా అని నవ్వుతారు మీరు. నవ్వండి. తుపాకీ ఎత్తే పని ఒక్కరోజూ పడలేదు నాకు.

ఒక దేశం మీద ఆంక్షలున్నాయి. ఆ దేశం, పైకి మామూలు వ్యాపారం చేసే దొంగ కంపెనీల పేరుతో ఓడల్లో క్షిపణి విడిభాగాలు తెప్పించుకుంటోంది. ఆ కంపెనీలను పట్టుకుని, సరుకు బుక్ చేసే వాటి కంప్యూటర్లను పడగొట్టడం మా డ్యూటీ.

కింద ఊళ్లో చిలకమ్మ మిరియాలు పండించేది. నేను అప్పా అనేవాణ్ణి, ఆ వైపు అక్కని అలాగే పిలుస్తారు. నా దగ్గు విని కషాయం కాచిచ్చేది. మార్చిలో ఆమె మిరియాలు సంచులకెత్తుతోంది. సంచి మీద కొనేవాళ్ల పేరు, కింద చిరునామా అచ్చేసి ఉన్నాయి. రెండు వారాలుగా మా తెర మీద చిరునామా లేకుండా తిరుగుతున్న పేరే! చూసింది చూసినట్టు రిపోర్టు చెయ్యడం నా అలవాటు. పరుగున కొండెక్కి చెప్పాను.

"శభాష్! దొరికాడు," అన్నాడు మేజర్.

మర్నాడు పదకొండుకి ఆర్డరొచ్చింది. పన్నెండూ ఇరవైకి ఆపరేటర్ అరిచాడు: "బుకింగ్ డౌన్ సార్. వాళ్ల సరుకు కదలదు." ఆ పూట ఉప్మాలో జీడిపప్పు వేయించాడు మేజర్. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

చిలకమ్మ సరుకుకి లారీ రాలేదు. ఏప్రిల్ పోయింది, మే పోయింది. ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. అమ్మవారి ముందు ఒకరి పేరున మూట కట్టాక, ఇంకొకరికి అమ్మరు.

"బాబూ, లారీ ఎందుకు రానేదో నీ కంపూటర్లో సూసి సెప్పు. ఇయ్యి అమ్మితేనే మా గుంట నర్సింగులో సేరతాది."

"వేరేవాళ్లకి అమ్మెయ్యి అప్పా."

"అమ్మోరి ముందు కట్టిందాన్ని ఎలా ఇప్పుతాను? నువ్వైతే ఇప్పుతావేటి?"

లారీని ఆపింది మేమే. ఆ మాట బయట చెప్పకూడదని ఆర్డరు. ఆ క్షిపణులు ఎవరి మీద పడేవో నాకు తెలుసు. చేసింది తప్పని ఈరోజుకీ అనలేను. కానీ సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

జూన్ వానలు కప్పులోంచి సంచుల మీదికి కారాయి. ఆ గుంట, చిలకమ్మ కూతురు, కాఫీ తోటలో కూలికి కుదిరింది.

జులైలో తిరుగు ప్రయాణం. ఉదయం తొమ్మిదికి జీపు ఊరు దాటబోతుంటే చిలకమ్మ ఆగమంది. తన వసారాలో బూజు పట్టిన సంచి ముందు కూర్చుంది. చివరికి తనే ముడి విప్పింది, అమ్మడానికి కాదు. తెల్లబడ్డవి పక్కకి తోస్తూ, నల్లటి గింజల్ని ఒక్కొక్కటే ఏరింది. పావుగంట పట్టింది. గుప్పెడయ్యాక నా రుమాల్లో పోసింది.

"బూజు పట్టనివే ఏరాను. దగ్గొస్తే కాసుకో బాబూ."

దగ్గు ఏటా వస్తుంది. ఆ రుమాలు ముడి ఇంతవరకూ విప్పలేదు. కళ్లు మూస్తే ఆ వేళ్లే కనిపిస్తాయి, నా కోసం మంచివి వెతుకుతూ.