పెనుకొండలో నల్ల తెర

నేను చేసే పని ఏమిటో మా నాయనకు చెప్పకుండా ఉండాల్సింది. హిందూపురంలో మాది చింతపండు, ఎండుమిరపకాయల అంగడి. ప్యాకేజింగ్ నేర్చుకుంటున్నానని చెప్పగానే ఆయన తూకం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"నాలుగేండ్లు ఇంజనీరింగు చదివి పొట్లాలు కడతాండావా? అదేదో మన అంగట్లోనే కట్టొచ్చు గదప్పా. లోపల కూచోని కరెంటు కాల్చేదెందుకు?"

ఆయన పెద్దగా తప్పేమీ చెప్పలేదు. ఎవరెవరో రాసి, కావాల్సినవాళ్ళు వాడుకోండని ఉచితంగా వదిలేసిన సాఫ్ట్‌వేర్ లోకంలో చాలా ఉంది. ఆసుపత్రులకు పనికొచ్చేది కూడా అందులో ఉంది. కాకపోతే రాశి పోసిన సరుకులాగా పడి ఉంటుంది. లినక్స్ అనే ఉచిత వ్యవస్థతో నడిచే కంప్యూటర్‌లో ఒక్క ఆదేశంతో ఎక్కేలా దాన్ని సర్ది, దానికి తోడుగా ఇంకేం కావాలో చెప్పి కట్టడమే ప్యాకేజింగ్. అంటే పొట్లం కట్టడమే. నాయనతో వాదించలేదు.

నాతోపాటు నేర్చుకునేవాడు ధర్మవరంలో ఉంటాడు. వాళ్ళది పట్టుచీరల మగ్గం ఉన్న ఇల్లు. ఇద్దరం ఒకే కాలేజీలో చదివి, ఒకేలాగా ఉద్యోగం రాక, ఒకే ఆన్‌లైన్ బృందంలో చేరాం. అక్కడ ఆదివారాలు ఒక మేడం పాఠం చెప్పేది. ఆమె నోట పదే పదే వచ్చే మాట ఒకటే: "కట్టిన ప్యాకేజీని ఏమీ లేని ఖాళీ మిషన్ మీద ఎక్కించి చూడండి. ఆ తర్వాతే పనిచేస్తోందని చెప్పండి."

మేం తలలు ఊపేవాళ్ళం. తలలు ఊపడానికి డేటా ఖర్చు కాదు. ఖాళీ మిషన్‌కైతే ప్రతిసారీ అన్నీ కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవాలి, మా ఫోన్లలో రోజుకిచ్చే డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది. అందుకని వాడి ల్యాప్‌టాప్‌లో పాతదాని మీదే కొత్తది ఎక్కించి చూసేవాళ్ళం. పనిచేసేది. పనిచేసేదాన్ని అనుమానించే అలవాటు మాకింకా రాలేదు.

మేం కట్టే ప్యాకేజీ ఎక్స్‌రే బొమ్మలను తెరిచి చూపించేది. పెనుకొండలో ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే అక్క మా ధర్మవరం వాడికి పెద్దమ్మ కూతురు. ఆమె గదిలోని కంప్యూటర్‌లో డిస్కు చచ్చిపోయింది. దాంతోపాటే పాత సాఫ్ట్‌వేర్ కూడా పోయింది. దాన్ని అమ్మిన కంపెనీవాళ్ళు ఫోనెత్తడం మానేసి చాలా కాలమైంది. ఆసుపత్రి డాక్టరుకు ఆ గది మీద ముందునుంచే మనసు లేదు. మూసేసి వచ్చినవాళ్ళను హిందూపురం పంపితే సరిపోతుంది కదా అన్నాడు. గది మూస్తే అక్కకు పని లేదు. బావకు వెన్నునొప్పి వచ్చి కూలికి పోవడం మానేశాక వాళ్ళ ఇల్లు నడుస్తున్నది ఆ గదితోనే.

అక్క డాక్టరుతో చెప్పింది: "మా తమ్ముడోళ్ళు అట్లాంటిదే తయారు చేస్తాండారు సార్. ఒక తూరి చూడండి."

ఆయన సోమవారం దాకా చూస్తానన్నాడు. మేం ఆదివారమంతా వాడి ల్యాప్‌టాప్‌లో రకరకాల ఎముకలను తెరిచి చూశాం. మోకాళ్ళు, భుజాలు, ఎవరివో పక్కటెముకలు. అన్నీ తళతళా వచ్చాయి.

సోమవారం ప్యాసింజరు దిగి నేను, ఎదురు రైలు దిగి వాడు ఆసుపత్రికి చేరుకున్నాం. కొత్త డిస్కులో లినక్స్ ఎక్కించాం. మా ప్యాకేజీ ఎక్కించాం. తప్పు జరిగితే తెర మీద పడే ఎర్రగీత ఒక్కటీ పడలేదు. అప్పటికే బయట బెంచీ మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. పొట్టేలు పొడిస్తే కిందపడి చెయ్యి వాచింది. అక్క ఆమెను లోపలికి తీసుకుపోయి ఎక్స్‌రే తీసింది. డాక్టరు వచ్చి మా వెనక నిలబడ్డాడు. అక్క మీట నొక్కింది.

తెర మీద బొమ్మ కిటికీ తెరుచుకుంది. లోపలంతా నలుపు.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ నలుపు. మూలలో అవ్వ పేరు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది, చెయ్యి లేదు.

"ఏమప్పా, ఇదేనా మీ సాఫ్ట్‌వేరు?" అన్నాడు డాక్టరు.

ఇలాంటి చోట నోరు మూసుకోవడం నాకు చేతకాదు. "అమావాస్య నాడు తీసినట్టుంది సార్," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అక్క నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. తన పని ఈ కోతుల చేతిలో పెట్టానే అన్నట్టు చూసింది. నా జోకులు పేలకపోవడం కొత్త కాదు కానీ, అలా నా మీదే కూలడం అదే మొదలు.

"సామీ, నా చెయ్యి ఇరిగిందా ల్యాదా? అదన్నా చెప్పండి," అంది అవ్వ.

"హిందూపురం పో అవ్వా. ఆడ తీస్తారు," అన్నాడు డాక్టరు.

అవ్వ కొడుకు ఆటో పిలుచుకొచ్చాడు. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆమె "అయ్యో నాయనా" అనడం వీధి మలుపుదాకా వినిపించింది. అవ్వను సాగనంపి మేం లోపలికి వచ్చేసరికి డాక్టరు తన గదికి వెళ్ళిపోయాడు. వెళుతూ అక్కతో, సాయంత్రం మాట్లాడదాం అన్నాడట. అక్క ఎక్స్‌రేలప్పుడు తొడుక్కునే సీసపు ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

ధర్మవరం వాడు తన ల్యాప్‌టాప్ తీసి అదే బొమ్మ అందులో తెరిచాడు. వచ్చింది! అవ్వ చెయ్యి, మణికట్టు దగ్గర చీలికతో సహా.

"మన దాంట్లో వస్తాది. ఈడ రాదు. మన దాంట్లో ఏముండాది, ఈడ లేంది?" అన్నాడు.

"మన దాంట్లో మన దరిద్రమంతా ఉండాది," అన్నాను. ఈసారి జోకుగా అనలేదు.

వాడు ల్యాప్‌టాప్ తెర వైపూ ఆసుపత్రి తెర వైపూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నెమ్మదిగా, "రేయ్, మనం ఎప్పుడన్నా ఖాళీ మగ్గం మీద మొదలుపెట్టినామా?" అన్నాడు.

వాళ్ళింట్లో ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగుల వరస, అయిపోవస్తుంటే మగ్గాన్ని ఖాళీ చెయ్యరు. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే అతుకుతారు. మగ్గం ఖాళీ అయిందంటే మొదటినుంచీ ఒక్కో పోగునూ ఎక్కించుకోవాలి. ఆ కష్టం ఎవరూ కోరుకోరు. పుట్టినప్పటినుంచీ అది చూసినవాడు ప్యాకేజీ విషయంలోనూ అదే చేశాడు. డేటా మిగులుతుందని నేనూ ఒప్పుకున్నాను. పేరు మగ్గానిది, పిసినారితనం అంగడిది.

వెతికితే దొరికింది. ఎక్స్‌రే బొమ్మలను కుదించి దాస్తారు. వాటిని విప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి తోడుండాలి. మొదటిసారి కట్టినప్పుడు అది కూడా అవసరమని ప్యాకేజీలో రాశాం. రెండోసారి సర్దినప్పుడు ఆ మాట జారిపోయింది. కానీ మొదటిసారి వచ్చిన ప్రోగ్రాం వాడి ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది కాబట్టి మాకు తెలియలేదు. పెనుకొండ డిస్కుకు ముందుజన్మ లేదు. దానికి నలుపే వచ్చింది.

సరిచేసి మళ్ళీ కట్టాం. ఆ డిస్కును మొత్తం తుడిచేసి మొదటినుంచీ ఎక్కించాం. నా ఫోన్లో డేటా, వాడి ఫోన్లో డేటా అయిపోయాక, చివరికి అక్క ఫోన్లోది కూడా తాగేశాం. మబ్బుగా ఉన్న సాయంత్రం పూట అవ్వ చెయ్యి తెర మీదికి వచ్చింది. అక్క వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు.

"చీలిక ఈడనే ఉండాది. ఆయమ్మను ఊరికే అంతదూరం తోలితిమి," అన్నాడు.

మెచ్చుకున్నాడో తిట్టాడో మాకు అర్థం కాలేదు. తర్వాత అన్నాడు: "గది ఉండనీ. కానీ మీలో ఒకడు పొద్దున్నుంచీ ఈడ కూచోవల్ల. నాకు నమ్మకం కుదిరేదాకా."

అలా నేను పెనుకొండలో తాకట్టు పడ్డాను. పొద్దున రైలుకు వెళ్ళి ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చుంటాను. జీతం లేదు, అక్క తెచ్చే రాగిసంగటిలో వాటా ఉంది. ధర్మవరం వాడు ఇంట్లో కూర్చుని, ప్రతి మార్పునూ ఖాళీ మిషన్ మీద ఎక్కించి చూస్తున్నాడు. సరిచేసిన ప్యాకేజీని మేడంకూ పంపాం, ఆమె ఇంకా పరీక్షిస్తూనే ఉంది. రోగులు తగ్గారు. మిషన్ పాడైందన్న మాట ఆటోవాళ్ళ నోట ఊరంతా తిరిగింది. బాగైందన్న మాటను ఎవరూ ఎక్కించుకోలేదు. వచ్చేవాళ్ళు ఇలాగే తగ్గితే డాక్టరు నమ్మకంతో పనిలేకుండానే గది మూతపడుతుందని అక్కకు తెలుసు. నాకూ తెలుసు. సంగటి తినేటప్పుడు ఆ ఊసెత్తం.

మొన్న ఆ అవ్వ కట్టు చూపించుకోవడానికి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది.

"ఏమబ్బా, ఆ నల్లఫొటో ఇప్పుడన్నా తెల్లగైందా?"

"అయింది అవ్వా."

"చూపీ అయితే."

ఎముక అతుక్కుందో లేదో చూడాలని డాక్టరు ఎటూ చెప్పాడు కాబట్టి, అక్క మళ్ళీ ఎక్స్‌రే తీసి మీట నొక్కింది. బొమ్మ వచ్చే ముందు కిటికీ ఎప్పుడూ ఒక్క క్షణం నల్లగా ఉంటుంది. అది మామూలే, అందరికీ అంతే. ఆ క్షణంలో అక్క మౌస్ వదలదు. నాకు జోకు కూడా తట్టదు.

చెయ్యి వచ్చింది. అవ్వ కళ్ళు చికిలించి చూసి, "ఇంత సన్నంగా ఉండానా నేను?" అంది.

అప్పుడు మాత్రం అక్క నవ్వింది.