మా పొగగొట్టాల మేస్త్రి

పోయిన గురువారం ఉదయం ఇడ్లీ వాయి దించుతుండగా మేస్త్రి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మా నాయిన పోయిండు" అని, ఇంకేమీ చెప్పలేక ఏడ్చింది. మెస్ హాల్లో ఐడీ కార్డులు మెడలో వేసుకున్న పిల్లలు ఆఫీసు బస్సుకు టైమవుతోందని తొందరపడుతున్నారు. వాళ్లందరికీ వడ్డించాకే తలుపు మూసి బయల్దేరాను.

మాది కడప జిల్లా. మదీనాగూడలో మెస్ నడుపుతున్నాను. మేం కిరాయికి తీసుకున్న చోటు ఒకప్పుడు బేకరీ. వంటగదిలో పాత ఇటుకల భట్టీ, దాని మీద మూడంతస్తులు దాటి డాబా పైకి వెళ్లే వెడల్పాటి చిమ్నీ ఉన్నాయి. పెద్ద గుండిగల వంటకని పెల్లెట్ల పొయ్యి కొన్నాం. రంపపుపొట్టును నొక్కి చేసిన చిన్న చిన్న కట్టెముక్కలతో మండే ఇనుప పొయ్యి అది. దాన్ని ఆ భట్టీ నోట్లో ఇమిడ్చి, పొగగొట్టం వేసేవాళ్ల కోసం వెతికితే ఈయన దొరికారు. అరవై దాటిన మనిషి. పాత మోపెడ్ వెనక రేకుచుట్టలు కట్టుకుని వచ్చారు.

"ఇంత పెద్ద చిమ్నీ ఉండంగా మళ్లా గొట్టమెందుకు మేస్త్రీ?" అన్నాను.

"పొయ్యి చిన్నది బిడ్డా, చిమ్నీ పెద్దది. పొగ సగం దూరం పోంగనే సల్లగైతది. సల్లగైన పొగ మీదికి పోదు. మళ్ల నీ దిక్కే వస్తది."

నాలుగు రోజులు కష్టపడి చిమ్నీ లోపల కిందినుంచి పైదాకా సన్నని గొట్టం దించారు. గొట్టంలో అడ్డంగా తిరిగే ఒక పలక అమర్చారు. పిడి తిప్పితే దారి ఇరుకై మంట నెమ్మదిస్తుంది. డ్యాంపర్ అంటారు దాన్ని. ఆయన మాత్రం రెక్క అనేవారు. తొలిసారి వెలిగించే ముందు అగరుబత్తి ముట్టించి పొయ్యి నోటి దగ్గర పట్టుకున్నారు. దాని పొగ లోపలికి వంగాకే నా చేతికి అగ్గిపెట్టె ఇచ్చారు. "గొట్టం పీల్చాలె. అది పీల్చకుంటే మనం పీల్చాల్సొస్తది" అన్నారు.

ఆ మాట నేను సరిగా వినలేదు. ఆ వానాకాలం, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక నిప్పులు సాయంత్రం దాకా నిలవాలని రెక్క పూర్తిగా మూసేశాను. జల్లు కొడుతోందని కిటికీలూ మూశాను. కాసేపటికి వంటక్క తలనొప్పంటూ గోడకానుకుని కూర్చుంది. నాకూ తల పగిలిపోతోంది. పనెక్కువై అనుకున్నాను. పొగ కనబడలేదు, వాసనా లేదు.

మేస్త్రి ఆ దారిన పోతూ, వాన తగ్గేదాకా నిలబడదామని లోపలికొచ్చారు. మా ముఖాలు చూడగానే, "బయటికి నడువుండ్రి! జల్ది!" అని అరిచారు. వంటక్క లేవలేకపోయింది. ఆమె చంకల కింద చేతులు వేసి వాకిట్లోకి లాక్కొచ్చారు. నేను గోడ పట్టుకుంటూ వచ్చి పడ్డాను. ఆయన మళ్లీ ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి రెక్క తిప్పి, కిటికీలన్నీ తెరిచి వచ్చారు. వంటక్క వానలోనే మెట్ల మీద వాంతి చేసుకుంది. గదిలో నిండింది కంటికి కనిపించని విషవాయువనీ, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరమూ దక్కేవాళ్లం కాదనీ దవాఖానలో డాక్టరు చెప్పాడు.

మేస్త్రి నన్ను తిడతారనుకున్నాను. మర్నాడు వచ్చి, రెక్క ఊడదీసి, దాని అంచున ఒక ముక్క కోసేశారు. "ఇగ నువ్వు మూసినా పూర్తిగ మూసుకోదు. మనిషన్నంక మరుస్తడు. ముందుగాలనే కొయ్యకపోవుడు నా తప్పు" అన్నారు. ఆయన తప్పట!

ఆ తర్వాత రెండు నెలలకోసారి పిలవకపోయినా వచ్చేవారు. డాబా ఎక్కి, గొట్టంలోకి బ్రష్ దించి మసి దులిపేవారు. దిగాక బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని పెట్టేదాన్ని. "మీ కడపోళ్ల కారం నా నోరు కాలవెడుతది బిడ్డా" అంటూనే ఇంకాస్త వేయించుకునేవారు.

ఈ ఏడాది మొదట్లో వచ్చినప్పుడు ప్రతి అంతస్తులోనూ కూర్చుని కూర్చుని ఎక్కారు. డాబా మీద దగ్గు తెర ఆగక పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయారు. నాకు చాలా భయమేసింది. కిందికొచ్చాక, "మేస్త్రీ, ఇంగ మీరు రావద్దు. వేరేవాళ్లను చూసుకుంటాంలే" అన్నాను. ప్రేమతోనే అన్నాను. "సరే బిడ్డా, నీ ఇష్టం" అని, ప్లేటులో సగం అలాగే వదిలేసి వెళ్లారు. ఎలా ఉన్నారో కనుక్కుందామని చాలాసార్లు అనుకున్నాను. ఒక్కసారీ ఫోన్ చేయలేదు.

నిజాంపేటలో వాళ్ల రేకుల ఇల్లు నేను చూడటం ఆ గురువారమే మొదలు. ఆయన భార్య నన్ను పోల్చుకుంది.

"మెస్సు బిడ్డవు నువ్వేనా? ఆనాడు నీ దగ్గరికెల్లి వచ్చి పనిముట్ల సంచి గా మూలకు పెట్టిండు. మెస్సు బిడ్డ ఇగ రావొద్దన్నది అన్నడు. మళ్ల ముట్టలే. ఎవరు పిలిచినా పోలే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆయాసపడుతుంటే చూడలేక అన్నానమ్మా."

"నాకెరుకనే బిడ్డా" అంది.

ఆయనకూ తెలుసా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

స్నానం చేయించే వేళ కూతురు తడిగుడ్డకు సబ్బు రాసి తండ్రి అరచేతులు రుద్దుతోంది. చేతి గీతల్లో ఏళ్ల తరబడి ఇంకిన మసి పోవడం లేదు. ఆ పిల్ల ఏడుస్తూ ఇంకా గట్టిగా రుద్దుతోంది. నేను పక్కన కూర్చుని రెండో చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాను.

"ఉండనీ బిడ్డా. నాయినకు నొస్తది" అంది తల్లి.

కూతురు గుడ్డ పక్కన పెట్టేసింది. నా ఒళ్లో ఆ చెయ్యి తెరుచుకునే ఉంది. నల్లటి గీతల వెంట నీళ్లు మెల్లగా జారి నా చీర మీద పడుతున్నాయి.