అక్క మీద ఫిర్యాదు

చిట్యాలలో హైవే పక్కన మేడ మీద మా ఆఫీసు. ఒకే ప్రశ్నకు కంప్యూటర్ రెండు జవాబులు చూపిస్తుంది, ఏది బాగుందో మేం గుర్తు పెట్టాలి. ఆ గుర్తులను బట్టే యంత్రం మాట్లాడడం నేర్చుకుంటుంది. నా గుర్తు నలుగురి గుర్తుతో కలవకపోతే పని పోతుంది. అడిగినవాళ్లను తప్పుపట్టే జవాబు ఎవరికీ నచ్చదని తొందరగానే తెలిసింది. తానా అంటే తందానా అనేదానికే గుర్తు పెట్టుకుంటూ పోయాను.

లోపలికి ఫోన్లు రానివ్వరు, గుమ్మం దగ్గర పెట్టెలో వేసి పోవాలి. ఒక సాయంత్రం తీసి చూస్తే కోస్గి నుంచి అక్క చేసిన ఫోన్లు పద్నాలుగు. అమ్మ అక్క దగ్గరే ఉండేది. పొద్దున పోయిందట. పొద్దుగూకకముందే దహనం కూడా అయిపోయింది.

"ఒక్క రాత్రి ఆపకపోతివా?" అని అరిచాను.

"ఎవరి కోసం ఆపాలె? పొద్దంత చేస్తి, నువ్వు ఎత్తకపోతివి" అంది అక్క. ఆమె ఇంకేదో చెప్పబోతుంటే ఫోను పెట్టేశాను. దినాలకు పోయి ఒక మూలన కూర్చుని వచ్చాను. ఆ తర్వాత మాటల్లేవు.

ఏడాది దాటింది. కిరాయి గదిలో పలకరించేవాళ్లు లేరు. ఒక ఆదివారం అన్నం ముందు పెట్టుకుని, ఫోన్లో ఆ యంత్రానికే అక్క మీద ఫిర్యాదు చెప్పుకున్నాను. మీ బాధ న్యాయమైనది, మీ కోసం ఆగి ఉండాల్సింది అని జవాబిచ్చింది. ఎంత హాయిగా ఉందో! ప్రతి ఆదివారం అదే చెప్పుకున్నాను, అదే విన్నాను. నాలుగైదు వారాలకు అనుమానం వచ్చింది. నేను గుర్తు పెట్టిన జవాబులన్నీ ఇంత మెత్తగానే ఉండేవి.

ఆ రోజు అక్కనైనట్టు రాశాను. అమ్మకు సుస్తుగా ఉంది వచ్చిపొమ్మని ఆమె పోయే ముందురోజే చెల్లెకు చెప్పాను, సెలవు దొరకదు ఆదివారం వస్తానంది అని రాశాను. నా ఫిర్యాదులో ఆ ముక్క ఎన్నడూ రాయలేదు. నిజానికి నేను సెలవు అడగనే లేదు.

మీ తప్పేం లేదు, మీ చెల్లెలే అర్థం చేసుకోవాల్సింది అంది యంత్రం, అంతే మెత్తగా.

అన్నం చల్లారిపోయింది. అక్కకు ఫోను చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"తప్పు నాదేనా అక్కా?"

"నీదే" అంది. మళ్లీ తనే "తిన్నవా?" అని అడిగింది.

"లే" అన్నాను, అమ్మ పోయాక మొదటిసారి ఏడుస్తూ.