గెడ్డలో తేలిన ప్రేమవిందు

నవంబరు రెండో ఆదివారం, సాయంత్రం, చర్చి వరండా. హాజరైనవారు: పాస్టరు గారు, సంఘ కార్యదర్శి అయిన మా బావమరిది, స్త్రీల సమాజం అధ్యక్షురాలు, మా వదిన, నేను.

పోయినేడు కోత పండుగనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరున్నారో ముందు రాసుకోవడం కొత్తవలస స్టేషనులో గూడ్సు గుమస్తాగా ఉన్నప్పుడు అబ్బిన అలవాటు. రాసుకోకపోతే తర్వాత ‘నేనక్కడ లేనండీ’ అనేవాళ్లు ఎక్కువైపోతారు. ఈ ఉదయం చర్చి మైకులో మళ్లీ కోత పండుగ ప్రకటన విని ఆ పేజీ తీశాను, అప్పటి విసుగు చల్లారిందేమో చూద్దామని. చల్లారలేదు.

మా చర్చి గెడ్డ ఒడ్డున, అంటే ఊరి వాగు ఒడ్డున ఉంది. కోత పండుగకు ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, చేమదుంపలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. ఆ పుంజు సరిగ్గా ప్రసంగం మధ్యలో కూస్తుంది, అందరూ తలలు వంచుకుని నవ్వాపుకుంటారు. ఆ రోజు పాస్టరు గారు సృష్టి గురించి చెప్పారు. భూమి మన సొత్తు కాదు, దేవుడు మనకు కాపలాకు అప్పగించాడు అని ఎంతో చక్కగా చెప్పారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మా బావమరిదే. తర్వాత బయట పందిట్లో సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు. నా చిన్నతనంలో ఈ విందు అడ్డాకుల విస్తళ్లలో జరిగేది. పార్వతీపురం వైపు కొండల నుంచి సంతకు వచ్చే ఆకులను ఆడవాళ్లు ముందు రోజంతా కబుర్లాడుకుంటూ పుల్లలతో కుట్టేవారు. వేడి అన్నం పడగానే ఆకు నుంచి ఒక పచ్చి వాసన లేచేది, ఆ వాసనకే ఆకలి రెట్టింపయ్యేది. తిన్నాక విస్తళ్లను ఆవులు నమిలేసేవి. ఇప్పుడు థర్మాకోల్ ప్లేట్లు. పప్పు పడేదాకా వాటిని వేలితో అదిమిపట్టాలి, లేకపోతే గాలికి అన్నంతో సహా లేస్తాయి. తిన్నవాళ్లు తిన్నట్టే వాటిని గోడ అవతలికి విసిరారు. గోడ అవతల గెడ్డ.

మర్నాడు పొద్దున్న ఆ గెడ్డలోనే మా వదినకు బాప్తిస్మం. ఆమె పుట్టిల్లు హిందూ రైతు కుటుంబం. మా అన్నయ్యను చేసుకున్నప్పటి నుంచి ఆదివారం ఆరాధన తప్పింది లేదు, అన్నయ్య పోయాక కూడా. కానీ వాళ్లమ్మ, ‘నేను బతికుండగా ఆ నీళ్లలో ములగొద్దే’ అని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ ముసలమ్మ నిండా బతికి ఆ వేసవిలోనే పోయింది. ఇప్పుడు వదిన అన్నగారు, పుట్టింటివాళ్లు కూడా చూడటానికి వస్తామన్నారు.

ఆ ఆదివారం సాయంత్రం రేవు చూసి వద్దామని వెళ్లిన పాస్టరు గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తిరిగివచ్చారు. రేవు నిండా మా ప్లేట్లే. అప్పుడు కూడింది ఈ సమావేశం.

“పట్నం సర్చిలో టైల్సు తొట్టి ఉన్నాది. ఆటో మాటాడేస్తాను. గంటలో అయిపోతాది,” అన్నాడు బావమరిది.

“తొట్టి నాకొద్దు తమ్ముడూ,” అంది వదిన. “ఈ గెడ్డలోనే నాట్లేసొచ్చి కాళ్లు కడుక్కున్నాను, పిల్లల గుడ్డలుతికినాను. మా కన్నోరింటోల్లు సూడ్డానికొస్తంటే నన్ను ఊరు దాటించేస్తారేటి?”

“మరైతే ఈ సెత్తలో ములుగుతావేటి?”

“ఎవుల సెత్తది? నన్నడుగుతావేటి?”

అధ్యక్షురాలు కళ్లు మూసుకుని, “రేతిరి వానొస్తే కొట్టుకుపోతాది. ప్రార్థన సేద్దాం,” అంది.

“కొట్టుకుపోయి కిందూరోల్ల రేవులో తేల్తాది. ఆళ్లేటి పాపం సేసినారు?” అంది వదిన.

బావమరిది లేచి తీర్మానం ప్రతిపాదించాడు. ‘ప్రకృతిని కాపాడుదాం’ అని రేవు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాలట.

“ఒరే, ఫ్లెక్సీ కూడా ప్లాస్టికే కదరా!” అన్నాను.

“దూరానికి కనిపిస్తాది కదా బావా!”

దీపాలు పెట్టే వేళ దాకా మాట్లాడాం. వరండా మెట్లు దిగితే రేవు. ఒక్కరమూ దిగలేదు. పొద్దున్న చూద్దాం అనుకుని, ఇంత చక్కని సృష్టిని ఇచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పుకుని ఇళ్లకు పోయాం.

మర్నాడు పొద్దున్న సంఘమంతా ఇస్త్రీ బట్టల్లో, తాళాలతో డోలక్‌తో రేవుకు చేరాం. ఒడ్డున వదిన పుట్టింటివాళ్లు వింతగా చూస్తూ నిలబడ్డారు. వదిన అప్పటికే తెల్లచీరతో మోకాలి లోతు నీళ్లలో ఉంది. పాస్టరు గారు పాట ఎత్తబోయారు.

“పాట తర్వాత అయ్యగారూ. ముందు సెత్త. ఇది తియ్యకుండా నేను ములగను.”

బావమరిది తన ప్యాంటు మడత చూసుకున్నాడు. నీళ్లలో మొదట అడుగుపెట్టింది వదిన అన్నగారు. పంచె ఎగ్గట్టి, “ఏటలా సూస్తారు? మా సెల్లి సలికి ఒణికిపోతంది. దిగండి!” అని కేకేశాడు. పాస్టరు గారు ప్యాంటు మడిచారు, నేనూ మడిచాను. పప్పు జిగటతో చేతుల్లోంచి జారిపోయే ప్లేట్లను ఏరి యూరియా గోనెల్లో కుక్కాం. అధ్యక్షురాలు కూడా దిగింది, ఈసారి కళ్లు తెరిచే.

అప్పుడు వదిన మునిగింది. లేచి ఊపిరి పీల్చుకుంది.

“అయిపోనాదేటి? ఇంతేనా?” అన్నాడు అన్నగారు.

“ఇంతే అన్నా.”

“దీనికేనేటే అమ్మ అంత బయపడిపోనాది!” అని ఆయన కండువాతో ఆమె తల తుడిచాడు. వదిన అప్పుడు ఏడ్చింది.

ఒడ్డున అందరికీ టీ ఇచ్చారు. ప్లాస్టిక్ కప్పుల్లో! మా బావమరిది ముందుచూపుతో తెప్పించాడు. వదిన తడిచీరతోనే ఒక గోనె పట్టుకుని ఒక్కొక్కరి ముందు నిలబడింది, కప్పు అందులో పడేదాకా కదలకుండా. నా టీ ఇంకా పొగలు కక్కుతోంది.

“బేగి తాగు మరిదీ, సలేస్తంది.”

నాలుక కాల్చుకుని తాగాను. తల్లి కోసం అన్నేళ్లు ఆగిన మనిషి కప్పు కోసం నిమిషం ఆగలేదు. దేనికి ఆగాలో, దేనికి ఆగకూడదో ఈ వయసుకు కూడా నాకు తేలలేదు, కాలం మాత్రం నా కోసం ఆగడం లేదు.