నోట్లో దూది

మా మామయ్య బతికినన్నాళ్ళూ ఎవరి కథనూ చివరిదాకా విని ఎరగడు. చెప్పేవాళ్ళు సరిగ్గా అసలు సంగతికి వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డం పెట్టేవాడు. కథను కంచికి చేరనీయకుండా సగం దారిలో దించేయడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. దానికి వృత్తి కూడా కలిసొచ్చింది. ఆయన పళ్ళ డాక్టరు.

కుర్చీలో పడుకున్న మనిషిని ముందు తనే కదిపేవాడు. "మీ అల్లుడు ఇల్లు మారాడటగా, ఏం జరిగింది?" ఆ మనిషి నొప్పి మరిచిపోయి, "అదే చెబుతున్నా డాక్టరుగారూ, ఆ ఇంటాయన పొద్దున్నే తలుపు తట్టి..." అనేంతలో నోట్లో దూది. మిగతా కథంతా గాగా గూగూ. చెప్పాలన్న కసిలో పన్ను ఊడిన సంగతి కూడా గమనించేవాళ్ళు కారు. ఇంజెక్షన్ కంటే ఆయన ప్రశ్నే బాగా పనిచేస్తుందని వీధిలో చెప్పుకునేవాళ్ళు.

సినిమాకి వెళ్ళినా అంతే. దొంగ దొరకబోతున్నాడనగా లేచి చెప్పులు వెతుక్కునేవాడు.

ఆ రోజుల్లో నేను చదువు ముగించి, ఆయన ఆసుపత్రి ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళని పేరుపేరునా లోపలికి పిలుస్తూ ఉండేదాన్ని. రచయిత్రినైపోవాలని తహతహ. ఒక పత్రికవాళ్ళు కొత్తవాళ్ళ కథలు అడిగారు. గడువు నెత్తి మీదికొచ్చింది. నా దగ్గర ఐడియాలు బోలెడు, కథ మాత్రం లేదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, కనబడినవాళ్ళందరికీ నా ఐడియాలు వినిపించేదాన్ని.

ముఖ్యంగా ఒక డ్రాయింగ్ మాస్టారి గురించి. రిటైరైన మనిషి. పళ్ళు ముత్యాల్లా ఉండేవి, అయినా వారం వారం వచ్చి బల్ల మీద కూర్చునేవారు. ఎందుకొస్తున్నట్టు? నర్సుకి చెప్పినప్పుడు ఆయన గూఢచారి. మందుల కొట్టతనికి చెప్పినప్పుడు ఆస్తి దాచుకున్న కోటీశ్వరుడు. అమ్మకి చెప్పేసరికి మా నర్సుకి తప్పిపోయిన తండ్రి. చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు పులకరించేది. కాగితం ముందు కూర్చుంటే మాత్రం తిని చెయ్యి కడుక్కున్నట్టుండేది.

ఇక మిగిలింది మామయ్యే.

"మామయ్యా, ఆ మాస్టారు అసలెవరంటే..."

"ఉండు, కుళాయి కట్టేశానో లేదో."

"రెండే ముక్కలు."

"ఫోను మోగుతోందే."

మోగలేదు.

చివరికి పన్ను నొప్పని అబద్ధమాడి కుర్చీ ఎక్కాను. ఇక ఎక్కడికి పోతాడు?

"ఏ పన్నే?"

"పన్ను సంగతి తర్వాత. ఆ మాస్టారికి ఒక కొడుకున్నాడనుకో, వాడు..."

"నోరు తెరువు." ఇంత దూది కుక్కేశాడు. "అరగంట గట్టిగా కొరికి పట్టుకో. మాట్లాడావంటే నిజంగానే పీకుతా."

బుగ్గ బుంగలా పొంగింది. ఒళ్ళు మండిపోతూ ముందు గదిలోకి వచ్చాను. తర్వాత పిలవాల్సింది ఆ మాస్టారినే. మాట పెగలదు. చేత్తో సైగ చేశాను. లేవలేదు. మళ్ళీ చేశాను. ఆయన కొంచెం సిగ్గుపడుతూ నవ్వారు.

"తొందరేం లేదమ్మా. నీ నోరు బాగయ్యాకే పిలువు. మా అక్క పోయాక నన్ను పేరుపెట్టి పిలిచేది ఇక్కడొక్కచోటే."

నోరుంటే వెంటనే ఏదో ఒకటి అనేసి, నర్సు దగ్గరికి పరిగెత్తేదాన్ని. దూది పుణ్యమా అని రెండూ కుదరలేదు. చేతికందిన కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. దూది తీశాక ముందు ఆయన్ని పిలిచాను, ఇంటిపేరుతో సహా. తర్వాత మళ్ళీ కాగితం అందుకున్నాను.

కథ అచ్చయింది. మామయ్య పత్రికను అటూ ఇటూ తిప్పి, "మంచి కాగితమే వాడారు" అని చేతికి తొడుగులు వేసుకున్నాడు.

మామయ్య చనిపోయిన ఏడాది, అత్తయ్య దగ్గర కూర్చున్నప్పుడు అన్నాను. "నా కథ ఒక్కటైనా చివరిదాకా విన్నాడా అత్తయ్యా, మహానుభావుడు."

అత్తయ్య నా వంక వింతగా చూసింది. "నీ కథలతో నా కాపురం ఎంత కష్టమైందో నీకేం తెలుసు. ఇంటికి రావడం, గదిలో అటూ ఇటూ తిరగడం. 'ఆ మాస్టారు ఎందుకొస్తున్నాడంటావ్?' అని నన్ను చంపుకుతినేవారు. పోయి దాన్నే అడగండి అంటే, 'అడిగితే చెప్పేస్తుంది. చెప్పేస్తే ఇంకేం రాస్తుందే పిచ్చిదానా' అనేవారు."

"మరి అచ్చయ్యాక?"

"నాచేత పైకి చదివించుకున్నారు. కదిలితే ఒట్టు. అయ్యాక మళ్ళీ మొదట్నుంచి అన్నారు. నా దవడలు పడిపోయాయి."

"నచ్చిందన్నాడా?"

"అన్నారు. నీతో మాత్రం అనొద్దన్నారు. అంటే రెండోది రాయకుండా దీన్నే ఊరంతా చదివి వినిపిస్తావట."

"ఇప్పుడు అనేశావుగా."

"ఇన్ని పుస్తకాలు వేశావు, ఇక నిన్నెవరాపుతారు" అంది అత్తయ్య. "అయినా ఆయన అన్నదాంట్లో నీకు చెప్పింది సగమే. మిగతాది చెప్పను. కావాలంటే నువ్వే రాసుకో."